డన్లో చేసిన తప్పేంటి?

1996లో వచ్చిన ‘మిషన్: ఇంపాజిబుల్’ సినిమా ఇంకా చూడనివాళ్ళెవరైనా ఉంటే ఇక్కడితో ఆపేయండి. విలనెవరో కూడా చెప్పేయబోతున్నాను. 2025లో వచ్చిన ఎనిమిదో భాగం కథ కూడా కొంచెం బయటపడుతుంది. మొదటిది వచ్చి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది కాబట్టి మీరు తిట్టుకున్నా ఆ తిట్లు తగలవని నా ధైర్యం :)

నేను పుట్టడానికి ఏడాది ముందు వచ్చిన సినిమా అది. చూసింది మాత్రం ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో, కాకినాడలో, హాస్టలు గదిలో. సీనియర్ల దగ్గర్నుంచి మాకు వారసత్వంగా వచ్చిన ఒక హార్డ్ డిస్కు ఉండేది. రెండు మంచాలు దగ్గరికి లాగి, ఒక లాప్‌టాప్ ముందు ఎనిమిది మందిమి కూర్చున్నాం. సబ్‌టైటిల్స్ ఓ నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చేవి. ఎవడి డైలాగు ఎవడి మొహం మీద పడుతోందో తెలిసేది కాదు. అయిపోయాక ‘ఇంతకీ ఎవడు ఎవణ్ణి మోసం చేశాడ్రా?’ అన్నాడొకడు. జవాబు ఎవరి దగ్గరా లేదు. అయితేనేం, ఆ తాడుకి వేలాడే సీను చూసి మా రూమ్మేటు మర్నాడంతా మంచం మీద బోర్లా పడుకుని, కాళ్ళూ చేతులూ గాల్లోకి లేపి, ‘ష్... మాట్లాడకండ్రా, అలారం మోగుద్ది’ అంటూనే ఉన్నాడు.

అప్పుడు మాకు కనపడింది ఈథన్ హంట్ ఒక్కడే. చెయ్యని నేరానికి ఇరుక్కున్న హీరో, వెంటాడే సొంత డిపార్ట్‌మెంటు, చివర్లో రైలు మీద ఫైటు, సొరంగంలోకి హెలికాప్టరు. ఇంకేం కావాలి? విలియం డన్లో అనే మనిషి ఆ సినిమాలో ఉన్నాడని కూడా మాకు తెలీదు.

2025 మే నెలలో ఎనిమిదో భాగం ‘ది ఫైనల్ రెకనింగ్’ వచ్చినప్పుడు మా టీము నలుగురం ప్రసాద్స్‌కి వెళ్ళాం. ఎక్కడో అలాస్కా దగ్గర మంచు దీవిలో, తలుపు వెనకనుంచి ఒక పెద్దాయన కనిపించాడు. ‘ఎవరీయన?’ అని పక్కవాడు నన్ను మోచేత్తో పొడిచాడు. నేను చెప్పలేదు. చెప్పలేక కాదు. ఆయన్ని చూడగానే నాకు ఆఫీసులో నా డ్రాయర్లో తొమ్మిది నెలలుగా పడున్న ఒక స్టీలు క్యారేజీ గుర్తొచ్చింది.

సరే, మొదట్నుంచీ చెప్తాను.

సినిమా మొదట్లో ప్రాగ్ నగరంలో ఒక ఆపరేషన్ జరుగుతుంది. ఐఎంఎఫ్ టీముకి (మన అప్పుల ఐఎంఎఫ్ కాదు, ఇంపాజిబుల్ మిషన్ ఫోర్స్) పెద్ద జిమ్ ఫెల్ప్స్. రాయబార కార్యాలయంలో ఒకడు రహస్య ఏజెంట్ల జాబితా దొంగిలిస్తున్నాడు, వాడు దొంగిలించడాన్ని కెమెరాలో పట్టుకోవాలి. ఇదీ పని. పావుగంటలో అంతా తలకిందులవుతుంది. లిఫ్టు మీద ఒకడు చస్తాడు, కారు పేలిపోతుంది, గేటు దగ్గర ఒకమ్మాయిని కత్తితో పొడిచేస్తారు, వంతెన మీద ఫెల్ప్స్‌కి గుండు తగిలి నదిలో పడిపోతాడు. ఈథన్ ఒక్కడే మిగులుతాడు. (ఫెల్ప్స్ భార్య క్లెయిర్ కూడా బతికే ఉందని తర్వాత తెలుస్తుంది.)

ఈథన్ పై అధికారి కిట్రిడ్జ్‌కి ఫోన్ చేసి, ఒక రెస్టారెంటులో కలుస్తాడు. గోడలనిండా చేపల తొట్లు. దర్శకుడు బ్రయన్ డి పాల్మా ఇక్కడ కెమెరాని కింద పెట్టి, వంకరగా, మొహాల మీద మొహాలు పడేలా తీశాడు. చూస్తున్న మనకే మెడ పట్టేస్తుంది. అక్కడ కిట్రిడ్జ్ అసలు సంగతి చెప్తాడు. ఆ దొంగ మనవాడే, ఆ జాబితా నకిలీది, ఆపరేషన్ మొత్తం ఇంటిదొంగని పట్టుకోడానికి వేసిన వల. అందరూ చచ్చారు, నువ్వొక్కడివే బతికున్నావు. పైగా మీ నాన్న జబ్బుకి ఊడ్చుకుపోయి ఉండాల్సిన మీ అమ్మానాన్నల బాంకు ఖాతాలో లక్షా ఇరవై వేల డాలర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

హాస్టల్లో చూసినప్పుడు కిట్రిడ్జ్‌ని ఎనిమిది మందిమీ బూతులు తిట్టాం. ఉద్యోగంలో చేరాక చూస్తే, నిజం చెప్పొద్దూ, ఆయన చేసిన తప్పేమిటో నాకు వెంటనే దొరకలేదు. ఆయన దగ్గరున్న ప్రతి డేటా పాయింటూ నిజమే. ఈథన్ బతికున్నాడు, నిజం. డబ్బు ఖాతాలో ఉంది, నిజం. ఇద్దరిలో ఒకడు దొంగైతే చచ్చినవాడికంటే బతికున్నవాడి మీద అనుమానం రావడం సహజం. ఆయన లాగ్స్ సరిగ్గానే చదివాడు. లాగ్స్‌లో లేనిదాన్ని అడగలేదు, అంతే. ఆ తర్వాత ఈథన్‌ని బయటికి రప్పించడానికి వాళ్ళమ్మనీ, అంకుల్‌నీ మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేయించి టీవీలో చూపిస్తాడు చూడండి, అది మాత్రం తెలిసి చేసిన తప్పు. (అంకుల్ అంటే బాబాయో మావయ్యో ఏ సబ్‌టైటిలూ చెప్పదు. ఇంగ్లీషువాళ్ళతో ఇదొక బాధ.) ఒక తప్పుడు అనుమానం, దాన్ని నిలబెట్టుకోడానికి ఒక నిజమైన తప్పు... ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మన వృత్తివాళ్ళు ఈ సినిమా చూస్తే మధ్యమధ్యలో నవ్వుకోడానికి బోల్డంత ఉంది. ఇంటిదొంగ మారుపేరు ‘జాబ్ 314’ అని తెలుస్తుంది. బైబిల్లో యోబు గ్రంథం మూడో అధ్యాయం పద్నాలుగో వచనం అన్నమాట. దాన్ని పట్టుకుని ఈథన్ యూజ్‌నెట్ గ్రూపులన్నిటిలో మెసేజిలు పెడతాడు. ఆయుధాల బేరగత్తె మాక్స్‌కి మెయిల్ కొట్టేటప్పుడు ఆ అడ్రసులో ఒక ఖాళీ, ఒక కోలన్ కనిపిస్తాయి. ఏ మెయిల్ సర్వరూ దాన్ని గడప తొక్కనివ్వదు. లూథర్ తనకి ‘686’ ప్రోటోటైపు లాప్‌టాప్‌లు కావాలంటాడు, అందులో కృత్రిమ మేధ చిప్పు ఉండాలట! అవి ఇంటెల్ వాడు 486 నుంచి పెంటియంకి వచ్చిన రోజులు, ‘686’ అంటే జనానికి మంత్రంలా వినిపించి ఉంటుంది. ఇవాళ ప్రతి లాప్‌టాప్ డబ్బా మీదా ఏఐ అని స్టిక్కరు అంటిస్తున్నారు కాబట్టి, ఈ ఒక్క విషయంలో లూథర్‌ని నేను వెక్కిరించను.

ఇక అసలు సీను. లాంగ్లీలో సీఐఏ ప్రధాన కార్యాలయంలో ఒక తెల్ల గది. అందులో ఒకే ఒక్క కంప్యూటరు. దానికి బయటి ప్రపంచంతో ఏ కనెక్షనూ లేదు. మోడెమ్ లేదు కాబట్టి హాక్ చెయ్యడం కుదరదు, మనిషే వెళ్ళాలి. ఆ గదిలోకి వెళ్ళాలంటే గొంతు గుర్తింపు, ఆరంకెల కోడు, కంటిపాప స్కాను, రెండు ఎలక్ట్రానిక్ కార్డులు. లోపల మనిషి లేనప్పుడు మూడు కాపలాలు పనిచేస్తుంటాయి. గుసగుసకంటే పెద్ద చప్పుడైతే అలారం, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే అలారం, నేల మీద బరువు పడితే అలారం. ఇన్ని రకాల అధికారాలూ ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి విలియం డన్లో. కళ్ళజోడు, నీరసం మొహం, చేతిలో కాఫీ. మన సిస్టమ్ అడ్మిన్‌కి అచ్చు గుద్దినట్టుంటాడు. ఆ పాత్ర వేసినాయన రోల్ఫ్ సాక్సన్.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. క్లెయిర్ ఆయన కాఫీలో చుక్కలు కలుపుతుంది, ఆయన కడుపు పట్టుకుని బాత్రూముకి పరిగెడతాడు, పైనుంచి ఈథన్ తాడు మీద దిగుతాడు. పైన గొట్టంలో ఎలక, తాడు జారడం, నేలకి వేలెడు దూరంలో ఆగిపోవడం, కళ్ళజోడు మీంచి జారే చెమట చుక్కని చేత్తో పట్టుకోవడం. ఇంత సేపూ సంగీతం లేదు. 1964లో జూల్స్ డస్సాన్ తీసిన ‘తోప్‌కాపి’లోని దొంగతనం సీను దీనికి అమ్మమ్మ అనుకోవచ్చు. అన్నట్టు షూటింగులో టామ్ క్రూజ్ తల ఊరికే కిందికి వాలిపోయి నేలకి కొట్టుకుంటూ ఉంటే, బరువు సరిపోవడానికి బూట్లలో నాణేలు వేసుకున్నాట్ట. అన్ని కోట్ల బడ్జెట్టు సినిమాని చివరికి చిల్లర ఆదుకుంది.

వెళ్ళిపోయేటప్పుడు పైనున్న క్రీగర్ చేతిలోంచి కత్తి జారి డన్లో టేబుల్ మీద నిట్టనిలువుగా గుచ్చుకుంటుంది. డన్లో తిరిగి వస్తాడు, కత్తిని చూస్తాడు. ఆయన కళ్ళల్లో ‘అయిపోయింది’ అన్న మాట కనిపిస్తుంది. తర్వాతి సీన్లో కిట్రిడ్జ్ పక్కనున్న అధికారికి చెప్తాడు, వాణ్ణి ఈ సాయంత్రానికల్లా అలాస్కాలో రాడార్ టవర్ దగ్గర కూర్చోబెట్టమని, బట్టలు వెనక పోస్టులో పంపమని. హాల్లో జనం నవ్వుతారు. హాస్టల్లో మేమూ విరగబడి నవ్వాం.

ఇరికించబడ్డ గూఢచారి కథ అని ఈ సినిమాకి పేరు. ఈథన్ మీద పడ్డ మచ్చ రెండు గంటల్లో పోతుంది. అది పోగొట్టుకోవడం కోసం ఈథన్ ఇంకొకడి మీద వేసిన మచ్చ పోవడానికి ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది, అది కూడా ఏడు సినిమాల తర్వాత. డన్లో చేసిన తప్పేంటి? కాఫీ తాగాడు.

ఇప్పుడు నా సంగతి.

2024 ఆగస్టులో ఒక శనివారం రాత్రి ఒంటిగంటా నలభైకి మా క్లయింటు ప్రొడక్షన్ డేటాబేసులో మూడు టేబుళ్ళు ఖాళీ అయిపోయాయి. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించేసరికి ఆదివారం మధ్యాహ్నమయింది. సోమవారం పొద్దున్నకల్లా ఆర్‌సీఏ కావాలన్నాడు క్లయింటు. ఆ కాగితం రాయడం గురించి మీకు చెప్పక్కర్లేదు. అందులో ‘మూల కారణం’ అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా ఉండకూడదు. రాసే పని నాకు పడింది. ఆదివారం రాత్రంతా లాగ్స్ తిరగేశాను. డిలీట్ కొట్టింది ఒక కుర్రాడి యూజర్ ఐడీ. వచ్చింది అందరం వాడే ఉమ్మడి సర్వరు మీంచి. ఆ కుర్రాడు వెండరు తరఫున వచ్చిన కాంట్రాక్టు మనిషి, విజయనగరం వైపు, నాకంటే మూడేళ్ళు చిన్న. ఆ రాత్రి నైట్ షిఫ్టు కూడా అతనిదే. పైగా ‘వేరే కంపెనీలకి ఇంటర్వ్యూలు ఇస్తున్నాడు, మనసిక్కడ లేదు’ అని ఎవరో అన్నారు. ఈథన్ వాళ్ళ ఖాతాలో లక్షా ఇరవై వేల డాలర్లు, ఇతని ఖాతాలో రెండు ఇంటర్వ్యూలు. (ఇంటర్వ్యూలు ఇవ్వనివాడు మనలో ఎవడన్నా ఉంటే చెయ్యెత్తండి.)

పిలిచి అడిగాను. ‘నేను చెయ్యలేదు అన్నా’ అన్నాడు. ‘మరి నీ ఐడీ ఎలా వచ్చింది?’ అన్నాను. ‘తెలీదు అన్నా’ అన్నాడు. కాసేపు నా మొహంలోకి చూసి, ‘నువ్వొకసారి చూడన్నా’ అన్నాడు. చూశాను కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను. మూల కారణం గడిలో ‘మానవ తప్పిదం’ అని రాశాను. యూజర్ ఐడీ కూడా రాశాను.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అతని యాక్సెస్ తీసేశారు. మూడున్నరకి లాప్‌టాప్ అప్పజెప్పించుకున్నారు. నాలుగింటికి సెక్యూరిటీ ఆయన పక్కన నడుస్తుంటే గేటు దాటాడు. అలాస్కా అంత దూరం కాదు, మియాపూర్ హాస్టలుకే. మేమంతా మానిటర్లలోకి తలలు దూర్చి పని చేసుకుంటున్నట్టు ఉన్నాం. సాయంత్రం చూస్తే అతని డెస్కు మీద భోజనం క్యారేజీ ఉండిపోయింది. రెండు గిన్నెల స్టీలు క్యారేజీ. గిన్నెల కొట్లో పేరు కొట్టించుకుంటాం చూడండి, అలా చుక్కచుక్కలుగా మీద వాళ్ళమ్మ పేరుంది. ఎవరూ ముట్టుకోకపోతే, కడిగి తెచ్చి నా డ్రాయర్లో పెట్టాను.

సెప్టెంబరులో మొదటి శనివారం రాత్రి ఒంటిగంటా నలభైకి నాకొక ఆటోమేటిక్ మెయిలొచ్చింది. ఫలానా జాబ్ ఆగిపోయింది, లాగిన్ కుదరలేదు, యూజరు లేడు అని. ఆ యూజరు ఐడీ అతనిది. మెయిలు వచ్చింది నాకు. ఎందుకొచ్చిందా అని ఓ నిమిషం ఆలోచించాను. తర్వాత కాళ్ళలో బలం పోయింది.

దానికి ఆర్నెల్ల ముందు మాట. టెస్ట్ సర్వరు నిండిపోతోందని, నెలకోసారి పాత డేటా తుడిచేసే స్క్రిప్టు ఒకటి రాశాను. రాసింది నేనే. నడపడానికి నా యాక్సెస్ రిక్వెస్టు అప్రూవల్‌లో ఉండిపోయింది. ‘తమ్ముడూ, రెండు రోజులు నీ ఐడీ వాడుకోనా?’ అంటే ‘వాడుకో అన్నా’ అని తనే పాస్‌వర్డు కొట్టాడు. రెండు రోజులు కాస్తా ఆర్నెల్లయింది. ఇద్దరం మర్చిపోయాం. ఆగస్టులో సర్వర్లు మార్చినప్పుడు ఎవరో టెస్ట్ సర్వరుకి ఉన్న పేరుని పొరపాటున ప్రొడక్షన్ వైపు తిప్పారు. నా స్క్రిప్టు పాపం తన పని తాను చేసింది.

అంటే కిట్రిడ్జ్‌ని నేనే, ఇంటిదొంగనీ నేనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ చేతికే ఆర్‌సీఏ రాసే పనిస్తే ఇంక ఈశ్వరుడికి ఏం దారి?

సినిమాలో దొంగ జిమ్ ఫెల్ప్సే. నదిలో పడి చచ్చినట్టు నటించాడు. ఈథన్ దాన్ని కనిపెట్టేది ఒక చిన్న ఆధారంతో. తన దగ్గరున్న బైబిలు మీద షికాగోలో డ్రేక్ హోటల్ ముద్ర ఉంటుంది. అంతకుముందు ఆ హోటల్లో బస చేసింది ఫెల్ప్స్. తర్వాత లండన్లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో ఫెల్ప్స్ ఎదురుగా కూర్చుని, ‘కిట్రిడ్జే దొంగ’ అంటాడు. ఈథన్ అవునంటూ, కిట్రిడ్జ్ ఎలా చేసుంటాడో పైకి వివరిస్తుంటాడు. తెర మీద మాత్రం అవన్నీ ఫెల్ప్స్ చేస్తున్నట్టు కనిపిస్తాయి. నోటితో ఒకటి, మనసులో ఇంకొకటి. క్లెయిర్ వంతు వచ్చేసరికి కారు పేల్చింది ఆమే అని ఒకసారి ఊహించి, వెంటనే ఆమె కాదన్నట్టు మళ్ళీ ఊహించుకుంటాడు. మనకి ఇష్టమైనవాళ్ళ విషయంలో లాగ్స్‌ని ఎలా తిరగరాసుకుంటామో ఇంతకంటే బాగా చూపించిన సీను నేనింకోటి చూళ్ళేదు. సబ్‌టైటిల్స్ నాలుగు సెకన్లు ఆలస్యమైతే ఈ సీను అర్థమయ్యే ప్రశ్నే లేదు, మా రూమ్మేటు తప్పేం లేదు.

(దీని వెనక ఇంకో ఇరికింపు కథ ఉంది. జిమ్ ఫెల్ప్స్ 1966లో మొదలైన టీవీ సీరియల్లో, రెండో సీజన్ నుంచి, హీరో. పీటర్ గ్రేవ్స్ వేసేవాడు. ఆ మంచివాణ్ణి తెచ్చి సినిమాలో ద్రోహిని చేసేశారు. గ్రేవ్స్‌కి అది నచ్చలేదు. సీరియల్లో నటించిన గ్రెగ్ మోరిస్ సినిమా మధ్యలోనే హాల్లోంచి లేచి వెళ్ళిపోయాడని అప్పట్లో వార్త. డన్లోలాగే ఫెల్ప్స్ కూడా కథ అవసరానికి బలైనవాడే.)

సోమవారం మా మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలుపేసి, మంచినీళ్ళిచ్చి, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆర్‌సీఏ క్లయింటు ఒప్పుకున్నాడు, మూసేశాడు. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే, ఒకరి ఐడీ ఇంకొకరు వాడారన్న సంగతి ఆడిటుకి వెళ్తుంది. నీతోపాటు అప్రూవలు ఆలస్యం చేసినవాళ్ళు, సర్వరు పేరు మార్చినవాళ్ళు, అందరూ. ఆ అబ్బాయికి ఎలాగూ వేరే ఉద్యోగం వచ్చే ఉంటుంది, వదిలెయ్ అన్నాడు. ఆయన్ని విలన్ని చేసి చెప్పడం నాకు తేలికే గానీ అది న్యాయం కాదు. ఆయన ‘వదిలెయ్’ అన్నప్పుడు నా ఛాతీలోంచి ఒక బరువు దిగింది. అది నాకు బాగా గుర్తు. స్క్రిప్టు తీసేశాను. మిగతాది వదిలేశాను. ఆ కుర్రాడికి ఫోన్ చెయ్యలేదు. మొదటి తప్పు తెలీక చేసింది, ఇది తెలిసి చేసింది. నేను పైన గుర్తుపెట్టుకోమన్న వరస ఇదే.

మళ్ళీ ప్రసాద్స్‌కి వస్తాను. ఆ దీవిలో డన్లో ముసలివాడై ఉన్నాడు. పక్కన తపీసా అని భార్య, ఆ ప్రాంతపు మనిషి. మునిగిపోయిన జలాంతర్గామి ఎక్కడుందో అంకెలన్నీ ఆయనకి కంఠతా. సరిగ్గా మన అడ్మిన్లలాగే, డాక్యుమెంటులో లేనివన్నీ బుర్రలో ఉంటాయి. ఆ కత్తి కూడా ఇన్నాళ్ళూ దాచుకున్నాడు. ఈథన్ తన వల్ల ఆయన ఉద్యోగ జీవితం పాడైందని బాధపడితే, డన్లో అంటాడు, ఇక్కడికి పంపడమే తనకి జరిగిన మేలు, లేకపోతే తపీసా దొరికేది కాదని. హాల్లో చప్పట్లు. నా పక్కవాడు కూడా కొట్టాడు. రోల్ఫ్ సాక్సన్ కూడా ఎంత బాగా చేశాడో. సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. నాకు ఒప్పుకోబుద్ధి కానిది కూడా అదే.

ఎందుకంటే ఆ మాట డన్లోకంటే ఈథన్‌కి ఎక్కువ అవసరం. టాయిలెట్ దగ్గర వాంతి చేసుకుంటూ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి మంచి భార్య దొరకడం ఆ మనిషి అదృష్టం, ఆయన మంచితనం. దాన్ని ఈథన్ పాపం ఖాతాలో జమ వేస్తే ఎలా? తపీసా దొరక్కపోయి ఉంటే? టవర్ దగ్గర ఒంటరిగా తాగుతూ ఇరవై తొమ్మిదేళ్ళు గడిపిన డన్లో తలుపు తీసి ఉంటే ఈథన్ ఏమనేవాడు? రచయితలు ఆ తలుపు తియ్యలేదు. తియ్యాలని కూడా నేను అనను, యాక్షన్ సినిమా కదా, టైముకి బాంబు ఆపాలి. కానీ ఇంటర్వెల్ తర్వాత నాకు విమానాలూ ఫైట్లూ ఏవీ ఎక్కలేదు. ‘ఆ అబ్బాయికి వేరే ఉద్యోగం వచ్చే ఉంటుంది’ అన్న మాటే తెర మీద నడుస్తోంది.

మర్నాడు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. ‘అన్నా, బాగున్నావా?’ అన్నాడు. బెంగుళూరులో ఉన్నాట్ట. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాట్ట, తర్వాత దొరికిందట. నేను చెప్పాల్సింది ఆపకుండా చెప్పేశాను. స్క్రిప్టు, సర్వరు పేరు, ఐడీ, సెప్టెంబరు మెయిలు, మేనేజరు, అన్నీ. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

‘నాకు ఆ రోజే అనుమానం వచ్చింది అన్నా’ అన్నాడు. ‘ఆ స్క్రిప్టే అయ్యుంటుందని. నువ్వే చూస్తావులే, చూస్తే నువ్వే చెప్తావులే అనుకున్నాను.’

ఆ రోజు నా మొహంలోకి చూసి ‘నువ్వొకసారి చూడన్నా’ అన్నది అందుకన్నమాట.

ఆయన డన్లోలాగా ‘అదే మంచిదైంది’ అనలేదు. తిట్టనూ లేదు. ‘సరే అన్నా’ అన్నాడు. ఆ ‘సరే’కి అర్థం నాకిప్పటికీ తెలీదు. ఆ రాత్రే ఆర్‌సీఏ తెరిచి, మూల కారణం గడిలో ఉన్నది కొట్టేసి, నా పేరుతో మళ్ళీ రాసి, మేనేజరుకీ, ఆడిటు వాళ్ళకీ, వెండరు కంపెనీకీ కలిపి పంపాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. తర్వాత చాలామంది పలికారు. ఆ ఏడు నా అప్రైజల్ సంగతి ఇక్కడెందుకులెండి. వెండరు దగ్గర అతని రికార్డు సరిచేస్తూ ఒక కాగితం ఇచ్చారు. అది అతనికి ఇప్పుడేం పనికొస్తుందో నాకు తెలీదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఫోన్ పెట్టేసే ముందు మాత్రం అడిగాడు. ‘అన్నా, నా డెస్కు మీద క్యారేజీ ఒకటుండాలి. పడేశారా? మా అమ్మ అడుగుతోంది.’

ఉందన్నాను. అడ్రసు పంపాడు. మా అమ్మతో ఆ సంగతి చెప్తే, మిగతా కథంతా విని ఏమీ అనలేదు గానీ, ‘ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదురా, కాస్త పంచదారైనా పొయ్యి’ అంది. రెండు గిన్నెల్లోనూ పంచదార నింపి, మూత ఊడకుండా టేపు చుట్టి, కొండాపూర్లో కొరియరు కొట్టుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు తూచి, ‘లోపలేముంది సార్?’ అన్నాడు. పంచదార అన్నాను. ‘బెంగుళూరులో దొరకదా?’ అని నవ్వుతూ, పంపేవాళ్ళ పేరు అన్నచోట రాయమని పెన్నిచ్చాడు.